కందాకే రాణి దేశము ఏమైంది?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోని ఐతియొపీయ మంత్రిని మనమందరము ఎరుగుదుము. యెరూషలేములో ఆరాధన ముగించుకొని, గాజాకు పోయే దారిలో రథముమీద కూర్చుండి, యెషయా గ్రంథము చదువుకుంటూ ఆయన వెళ్తున్నాడు. ఫిలిప్పు ఆ రథము దగ్గరకు పరుగెత్తిన సంగతి ఆదివారపు బడి పిల్లలు కూడ తడుముకోకుండా చెబుతారు. బాప్తిస్మము పొంది ఆయన సంతోషముగా ఇంటిదారి పట్టాడని చదివి మనము పుస్తకము మూసివేస్తాము.

అయితే ఆ దారి ఏ ఊరికి పోయింది? ఆయన కాపలా కాసిన ధనాగారములోకి ధనము ఎక్కడినుండి వచ్చింది? కందాకే రాణి రాజ్యము తరువాత ఏమైంది? ఈ సంగతులు వెదకబోతే ఒక రాజ్యము కథ కాదు, ఒకదాని తరువాత ఒకటిగా లేచి ఒరిగిన మూడు రాజ్యాల కథ మాకు దొరికింది. పల్లెల్లో నేలను నమ్ముకొని బ్రతికే మన కుటుంబాలకు అందులో ఆలోచించవలసినది చాలా ఉన్నదని తోచి, దానిని మీ ముందుంచుతున్నాము.

పేరు ఒకటి, దేశము వేరు

ముందుగా ఒక మాట. ఆనాటి గ్రీకులు ఐగుప్తుకు దక్షిణముగా ఉన్న నల్లనివారి దేశాన్నంతటిని ఐతియొపీయ అన్నారు. పటములో నేడు మనము చూసే ఇతియోపియా వేరు. కందాకే దేశము నేటి సూడానులో, నైలు నది ఒడ్డున ఉండేది. పాత నిబంధనలో దాని పేరు కూషు. హిజ్కియా దినములలో అష్షూరు రాజుమీద యుద్ధానికి బయలుదేరినట్లు మనము చదివే తిర్హాకా ఆ కూషు వంశపు రాజే. క్రీ.పూ. 690 నుండి 664 వరకు ఆయన ఐగుప్తును కూడ కలిపి ఏలాడు. తరువాత అష్షూరువారు కూషీయులను ఐగుప్తునుండి తరిమివేశారు. కూషు మాత్రము చావలేదు. దక్షిణానికి జరిగి, మెరోవే అనే పట్టణాన్ని ముఖ్యపట్టణముగా చేసుకొని, ఇంకా వెయ్యి సంవత్సరాలు బ్రతికింది.

"కందాకే" అనేది ఒక స్త్రీ పేరు కాదు. ఐగుప్తు రాజును ఫరో అన్నట్లే, కూషులో రాజమాతకు, రాణికి ఉన్న బిరుదు అది. మంత్రి సేవించిన రాణి మెరోవే పట్టణపు రాణి. కాబట్టి గాజా దారిలో బయలుదేరిన ఆ రథము నైలు వెంబడి ఎన్నో దినములు దక్షిణానికి పోవలసి ఉన్నది. నేటి ఖార్తూము నగరానికి ఈశాన్యముగా సుమారు 200 కిలోమీటర్ల దూరములో మెరోవే శిథిలాలు ఉన్నాయి. అక్కడి రాజులు, రాణులు సన్నగా, నిటారుగా కట్టించుకొన్న పిరమిడ్లు ఇసుకలో ఇంకా నిలిచి ఉన్నాయి. వాటిలో చాలావాటికి తలలు లేవు. 1834లో జుసెప్పె ఫెర్లీని అనే ఇటలీ దేశస్థుడు బంగారము కోసము కొన్నిటి శిఖరాలను పడగొట్టించాడు. అమానిషఖెతో అనే కందాకే సమాధిలో అతనికి దొరికిన నగలు నేడు జర్మనీ మ్యూజియములలో ఉన్నాయి.

జొన్న, ఇనుము, నీటి గుంటలు

మెరోవే ఎలా గొప్పదయింది? మొదటిది దాని స్థలము. ఆఫ్రికా లోపలినుండి ఐగుప్తుకు పోయే బంగారము, ఏనుగు దంతము, నల్లచేవ కర్ర ఆ దారినే పోవాలి. సంత దారి ఎవరి చేతిలో ఉంటే సుంకము వారిదే. మంత్రి చేతిలో ఉన్న ధనాగారానికి ఇది ఒక ముఖ్యమైన ఊట.

రెండవది ఇనుము. మెరోవే చుట్టు ఇనుప చిట్టెము గుట్టలు గుట్టలుగా పడి ఉన్నది. అంత చిట్టెము పోగుపడాలంటే ఎన్ని తరాల కొలిమివాండ్లు అక్కడ పనిచేశారో ఊహించుకోవచ్చు.

మూడవది పంట. అక్కడివారి ముఖ్యమైన తిండి జొన్న. తెలుగువారమైన మనకు ఇది చుట్టరికము వంటిది. జొన్న పుట్టినిల్లు ఆ ప్రాంతమే. సూడాను తూర్పు భాగములో, కస్సలా పట్టణము దగ్గర, 5000 సంవత్సరాల నాటి కుండపెంకులలో సాగుజొన్న గింజల అచ్చులు కనబడ్డాయి. అక్కడినుండి సముద్రము దాటి, క్రీస్తుకు చాలా ముందే, ఆ గింజ మన దేశానికి వచ్చింది. మన తాతలు తిన్న జొన్న సంకటి, జొన్న రొట్టె కందాకే రాణి ప్రజల తిండికి బంధువులే.

జొన్నకు కూడ నీళ్లు కావాలి. నదికి దూరముగా ఉన్న మెట్టలలో కూషీయులు గుండ్రని గుంటలు త్రవ్వి, మట్టిని చుట్టు గట్టుగా పోసి, వాన నీళ్లు పట్టారు. వాటిని నేడు హఫీరు అంటారు. ముసవ్వరాత్ అనే చోట ఉన్న పెద్ద హఫీరు ఒక గట్టునుండి మరొక గట్టుకు సుమారు 250 మీటర్లు ఉన్నది. కొన్ని హఫీరుల దగ్గర సింహపు రాతి బొమ్మలు నిలబెట్టారు. వానకాలపు నీటిని ఎండకాలానికి దాచుకోవడమెలాగో చెరువు కింద బ్రతికిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

రోముకు ఎదురు నిలిచిన రాణి

రక్షకుడు పుట్టుటకు సుమారు 25 సంవత్సరాల ముందు ఐగుప్తు రోమా చేతిలో పడింది. ఔగుస్తు కైసరు సైనికులు కూషు పొలిమేరకు వచ్చారు. అప్పుడు కూషు సేన పైకివచ్చి ఆస్వాను పట్టణాన్ని కొల్లగొట్టి, కైసరు విగ్రహాలను ఎత్తుకొనిపోయింది. ఆనాటి కందాకేకు ఒక కన్ను లేదనీ, ఆమె మగధీరుని వంటిదనీ గ్రీకు రచయిత స్ట్రాబో వ్రాశాడు. రోమా అధిపతి పెట్రోనియుస్ దండెత్తి వచ్చి నపాతా పట్టణాన్ని కాల్చాడు. అయినా రాణి లొంగలేదు. చివరకు ఆమె రాయబారులు సామొసు ద్వీపములో కైసరును కలుసుకొన్నారు. కైసరు కప్పము రద్దు చేసి సంధి చేసుకొన్నాడు.

1910లో మెరోవేలో త్రవ్వుచుండగా ఒక గుడి గుమ్మము కింద కైసరు విగ్రహపు కంచు తల దొరికింది. లోపలికి వెళ్లే ప్రతివాడు దానిని త్రొక్కి వెళ్లునట్లు దానిని అక్కడ పూడ్చిపెట్టారు. నేడు అది లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. లోకమంతటిని ఏలిన చక్రవర్తి తల ఒక గుడి గడప కింద పందొమ్మిది వందల ఏళ్లకు పైగా పడి ఉన్నది!

మెరోవే ఎందుకు ఒరిగింది?

అటువంటి మెరోవే కత్తిదెబ్బతో ఒక్క రోజున చావలేదు. ముందు దారి మారింది. రోమా వర్తకులు ఎర్ర సముద్రములో ఓడలు నడిపి, నైలు దారిని విడిచి, నేరుగా సముద్రపు రేవులకు పోవడము నేర్చుకొన్నారు. సంత మారితే సుంకము పోయింది. సుంకము పోతే సైన్యము పలుచబడింది. పడమటినుండి నోబా జాతివారు, తూర్పు ఎడారినుండి బ్లెమ్మీయులు లోపలికి వచ్చారు. ఇనుము కరిగించుటకు బొగ్గు కావాలి, బొగ్గుకు తుమ్మ చెట్లు కావాలి. తరతరాలుగా అడవి నరికిన నేల బీడుపడి ఉంటుందని కొందరు పండితులు అంటారు.

క్రీ.శ. 350 ప్రాంతములో తూర్పు కొండలనుండి మరొక రాజు దండెత్తి వచ్చేసరికి మెరోవే గొప్పతనము అప్పటికే అణగారిపోయింది. ఆ రాజు తన విజయాన్ని రాతిమీద చెక్కించాడు. నోబావారిని 23 దినములు తరిమాననీ, ఇటుక ఊళ్లను గడ్డి ఊళ్లను కాల్చాననీ, ధాన్యము, కంచు, ఇనుము దోచాననీ, ప్రత్తి నిలువలను పాడుచేశాననీ అందులో చెప్పుకొన్నాడు. రాజు దానిని విజయము అన్నాడు. ఆ గడ్డి ఊళ్లలో ఉన్న ఇల్లాలి మాట ఏ రాతిమీదా లేదు.

మెరోవేవారికి సొంత లిపి ఉండేది. గ్రిఫిత్ అనే ఆంగ్ల పండితుడు 1911 నాటికి ఆ అక్షరాల ఉచ్చారణ కనుగొన్నాడు. కాని ఆ భాషలో కొన్ని మాటలు తప్ప తక్కినవి నేటికీ అర్థము కాలేదు. పైకి చదవగలము, భావము తెలియదు. ఒక జాతి తన బిడ్డలకు మాట అప్పగించకుండా పోతే మిగిలేది ఇదే.

కొండలమీది ఆక్సుము

మెరోవేమీదికి వచ్చిన ఆ రాజు పేరు ఎజానా. ఆయన పట్టణము ఆక్సుము. ఇది నేటి ఇతియోపియా ఉత్తర భాగములో, సముద్రమట్టానికి 2000 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమిమీద ఉన్నది. అక్కడ చల్లని గాలి, మంచి వాన, ఎద్దులతో దున్నే సేద్యము ఉండేవి. ఎనిమిది దినముల నడక దూరములో ఎర్ర సముద్రపు ఒడ్డున అదూలిస్ అనే రేవు ఉండేది. మెరోవేను విడిచిన వర్తకము ఈ రేవుకే వచ్చి చేరింది. ఒకరి వాకిట ఎండిన కాలువ మరొకరి పొలములో పారింది.

మొదటి శతాబ్దములో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎర్ర సముద్ర యాత్రా గ్రంథములో అదూలిస్ పేరు ఉన్నది. ఏనుగు దంతము, ఖడ్గమృగపు కొమ్ము, తాబేటి చిప్ప అక్కడ అమ్మేవారట. హిందూ దేశపు ఇనుము, ఉక్కు, నూలు బట్ట అక్కడికి వచ్చేవట. అదే గ్రంథములో సన్నని బట్టలకు పేరుపొందిన మసాలియా తీరము గూర్చి కూడ ఉన్నది. అది మన కృష్ణా ముఖద్వారము దగ్గరి మచిలీపట్నము ప్రాంతమని పండితులు గుర్తించారు. దెబ్రె దామో అనే కొండమీది మఠము దగ్గర, 1940లో, ఉత్తర హిందూ దేశాన్ని ఏలిన కుషాణుల బంగారు నాణెములు నూరుకు పైగా దొరికాయి. ఆ మఠములోకి నేటికీ తాడు పట్టుకొనే ఎక్కాలి.

ఆక్సుము రాజులు చనిపోయినవారి కోసము ఒకే రాతితో స్తంభాలు నిలబెట్టారు. అన్నిటికంటె పెద్దది 33 మీటర్ల పొడవు. దానిని నిలబెట్టుచుండగానే పడి ముక్కలైనదని పండితుల అభిప్రాయము. అది నేటికీ పడినచోటనే ఉన్నది. 24 మీటర్ల మరొక దానిని 1937లో ఇటలీవారు రోముకు తీసుకొనిపోయారు. అది 2005లో తిరిగి వచ్చి, 2008లో మళ్లీ నిలిచింది.

తూరు పట్టణపు బాలురు

ఈ రాజ్యములోకి సువార్త వచ్చిన విధము వింతైనది. దానిని రూఫినుస్ అనే సంఘ చరిత్రకారుడు వ్రాసిపెట్టాడు. ఎర్ర సముద్రపు ఒడ్డున ఒక ఓడను కొల్లగొట్టి అందులోనివారిని చంపారు. తూరు పట్టణపు బాలురు ఇద్దరు, ఫ్రుమెంటియుస్, ఏదేసియుస్ అనేవారు, మాత్రము బ్రతికారు. వారిని బానిసలుగా రాజు ఇంటికి చేర్చారు. ఏదేసియుస్ గిన్నె అందించేవాడయ్యాడు, ఫ్రుమెంటియుస్ లెక్కలు, వ్రాతపని చూశాడు. రాజు చనిపోయినప్పుడు కొడుకు పసివాడు. విధవరాలైన రాణి వారిని బ్రతిమాలి ఉండమన్నది. ఫ్రుమెంటియుస్ ఆ కాలములో క్రైస్తవ వర్తకులు ప్రార్థన చేసుకొనుటకు స్థలాలు ఏర్పాటు చేయించాడు.

తరువాత ఆయన అలెక్సంద్రియకు పోయి, అక్కడ బిషపుగా ఉన్న అతనాసియుస్‌ను కలిసి, ఆ దేశానికి ఒక కాపరిని పంపమని అడిగాడు. నీకంటె తగినవాడు ఎవడని అతనాసియుస్ ఆయననే బిషపుగా చేసి తిరిగి పంపాడు. బానిసగా వచ్చినవాడు కాపరిగా తిరిగి వెళ్లాడు. ఎజానా రాజు విశ్వసించాడు. అంతవరకు ఆక్సుము నాణెములమీద నెలవంక, సూర్యబింబము ఉండేవి. ఎజానా కాలములో వాటి స్థానములోకి సిలువ వచ్చింది. లోకములో నాణెముమీద సిలువను ముద్రించిన మొదటి రాజులలో ఆయన ఒకడు. కొన్ని రాగి నాణెములమీద, ఇది దేశ ప్రజలకు ఇష్టమగును గాక అనే భావముతో గ్రీకు మాటలు చెక్కించారు. పేదవాని చేతికి వచ్చేది రాగి నాణెమే గదా!

ఆ తరువాత గ్రంథము ఆ దేశపు గెయెజ్ భాషలోకి వచ్చింది. అద్వా పట్టణము దగ్గర అబ్బా గరీమా మఠములో మేకతోలుమీద వ్రాసిన సువార్తలు ఉన్నాయి. వాటిని పరీక్షించగా 4వ శతాబ్దానికి 7వ శతాబ్దానికి మధ్యవని తేలింది. బొమ్మలతో కూడిన సువార్త ప్రతులలో లోకమంతటిలో అతి పాతవాటిలో ఇవి చేరుతాయి.

నాణెములు ఆగిపోయినవి

ఆక్సుము కూడ నిలువలేదు. 525 ప్రాంతములో కాలేబు రాజు, నజ్రాను క్రైస్తవులను చంపిన హింసకు ప్రతిగా, సముద్రము దాటి దక్షిణ అరేబియాను గెలిచాడు. అది ఆక్సుముకు పట్టాభిషేకమువంటి ఘడియ. దిగుడు మెట్టు కూడ అక్కడే మొదలైంది. దూరదేశపు యుద్ధము ధనాన్ని తిన్నది. యాభై ఏళ్లు తిరగకముందే పారసీకులు ఆ దేశాన్ని పట్టుకొన్నారు. 7వ శతాబ్దములో ఎర్ర సముద్రపు వర్తకము అరబ్బుల చేతికి పోయింది. అదూలిస్ రేవు మూగపోయింది. ఆ శతాబ్దములోనే ఆక్సుము నాణెములు ముద్రించడము ఆగిపోయింది.

రేవు ఒక్కటే కారణము కాదు. కార్ల్ బుట్జర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1981లో ఆక్సుము మట్టిని పరిశీలించి ఒక సంగతి వ్రాశాడు. పట్టణము పెరిగేకొద్ది కొండవాలులన్నీ దున్నారు, వంటకు, కొలిములకు చెట్లు నరికారు. వాన వచ్చినప్పుడు పైమట్టి కొట్టుకొనిపోయి పల్లములో పేరుకొన్నది. నేల చప్పబడింది. తరువాతి పండితులు కొందరు దీనితో పూర్తిగా ఏకీభవించరు. అయినా ఆ ప్రజలలో చాలామంది దక్షిణపు కొండలకు తరలిపోయారనే మాట నిజము. రాజధాని కూడ వారి వెంట పోయింది.

నూబియా సంఘము

ఇక మెరోవే ఉన్న నైలు లోయకు తిరిగి వద్దాము. అక్కడ 6వ శతాబ్దములో మూడు క్రైస్తవ రాజ్యాలు లేచాయి. వారు తమ నూబియా భాషను గ్రీకు అక్షరాలతో వ్రాసుకొని, చాలని ధ్వనులకు పాత మెరోవే లిపినుండి మూడు అక్షరాలు తీసుకొన్నారు. 652లో వచ్చిన అరబ్బు సైన్యాన్ని దొంగోలా దగ్గర నిలువరించి సంధి చేసుకొన్నారు. ఆ సంధి ఆరు వందల ఏళ్లు నడిచింది. ఆస్వాను ఆనకట్ట నీళ్లలో మునిగిపోకముందు, 1961 నుండి 1964 వరకు, పోలెండు పండితులు ఫరాస్ అనే చోట ఇసుకలో పూడుకుపోయిన పెద్ద దేవాలయాన్ని త్రవ్వి తీశారు. దాని గోడలమీద నూరుకు పైగా రంగు చిత్రాలు బయటపడ్డాయి.

అటువంటి సంఘము ఎలా మాయమైంది? ఐగుప్తు సుల్తానుల దండ్లు వచ్చాయి, రాజకుటుంబములో అన్నదమ్ములు తగవులాడి శత్రువులనే పిలిచారు, 1317లో దొంగోలా రాజసభా మందిరము మసీదుగా మారింది. 1520 తరువాత ఇతియోపియాలో ఆరేండ్లు ఉన్న పోర్చుగీసు గురువు ఆల్వరెస్ ఒక దృశ్యము చూశాడు. నూబియానుండి ఆరుగురు మనుష్యులు ఇతియోపియా రాజు దగ్గరకు వచ్చి, మాకు గురువులను పంపండి అని వేడుకొన్నారట. నా బిషపే అలెక్సంద్రియనుండి వస్తాడు, ఇంకొకరు ఇచ్చినవారిని నేను మీకెలా ఇవ్వగలను అని రాజు చెప్పాడట. వారు వట్టి చేతులతో తిరిగి వెళ్లారు. తరువాత నూబియా దేవాలయాలలో దీపము వెలిగించేవారు లేకపోయారు.

ఏమి మిగిలింది?

రెండు సంఘాలకూ బిషపు అలెక్సంద్రియనుండే రావాలి. రెండింటికీ సొంత భాషలో వాక్యము ఉన్నది. ఒకటి ఆరిపోయింది, ఒకటి నేటివరకు నిలిచింది. కొండల రక్షణ ఇతియోపియాకు ఉన్నది, నైలు లోయకు లేదు. అది నిజమే. దానితోపాటు మరొకటి కూడ ఉన్నది. ఆక్సుము పడిపోయేనాటికి చదువు రాజు ఇంటిలో మాత్రమే లేదు. కొండ కొండకు మఠము, మఠములో గెయెజ్ చదివే పిల్లలు, పిల్లలకు చెప్పే గురువులు ఉన్నారు. రాజు వెళ్లిపోయినా బడి వెళ్లిపోలేదు. గెయెజ్ నేడు ఏ ఇంటిలోనూ మాట్లాడే భాష కాదు. అయినా ఆ దేశపు ఆరాధనలో అది ప్రతి ఆదివారము వినబడుతుంది.

ఆ దేశాలకు నేటికీ నెమ్మది దొరకలేదు. 2020 నుండి 2022 వరకు ఆక్సుము ఉన్న తిగ్రాయి ప్రాంతము యుద్ధములో నలిగింది. 2023 ఏప్రిలులో సూడానులో సైన్యాల మధ్య యుద్ధము మొదలై లక్షలాది కుటుంబాలను ఇల్లు విడిపించింది. ఖార్తూములోని జాతీయ మ్యూజియమును దోచుకొన్నారు. జొన్నను లోకానికి ఇచ్చిన దేశములో తల్లులు పిల్లలకు గింజ లేక ఏడ్చారు. వారిని మన కుటుంబ ప్రార్థనలలో తలంచుకొందాము.

మన ఊరిలో రాజులు లేరు. చెరువు ఉన్నది, దాని గట్టుమీద చెట్లు ఉన్నాయి, వానకు కొట్టుకొనిపోయే పైమట్టి ఉన్నది. కంఠతా వచ్చిన కీర్తనలను కళ్లు మూసుకొని పాడే అవ్వలు ఉన్నారు. గట్టు తెగకముందే మట్టి వేయించండి. అవ్వ పాడుచుండగా మనుమరాలిచేత ఆ పాటను నోటు పుస్తకములో వ్రాయించండి. ఈ పనులకు ఏ రాజు ఆజ్ఞా అవసరము లేదు.